ఇంకు తాగని చెక్క

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పళ్ళాయనంత మెత్తటి మనిషి ఇంకొకడు పుట్టడు. అతణ్ణి మొత్తినంతగా వాళ్ళ తోడల్లుడు హెడ్మాస్టరు తన బడిలో పిల్లల్ని కూడా మొత్తి ఉండడు.

పళ్ళాయనంటే పళ్ళమ్ముకునేవాడనుకునేరు! కాదు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ముప్ఫై ఏళ్ళుగా పని. పన్నంటే తళతళా తెల్లగా ఉంటే చాలదు. అంచున కాస్త నీలం, మొదట్లో కాస్త పసుపు, మధ్యలో వెంట్రుకంత బీట, ఆ మనిషి నమిలిన ఏళ్ళన్నీ అందులో కనపడాలి. అప్పుడే అది నోట్లో కలిసిపోతుంది. ఆ కన్నూ ఆ చెయ్యీ చూసే, ఎనిమిదేళ్ళ కిందట హెడ్మాస్టరు అతణ్ణి మేడమీదికి పిలిచాడు.

హెడ్మాస్టరు రిటైరైన మర్నాటినుంచీ ఆ మేడమీద హాల్లో బొమ్మ రైళ్ళు పరుస్తున్నాడు. పట్టాలు ఆయనవే, ఇంజన్లు ఆయనవే, కింద తీగలూ మీటలూ ఆయనవే. ఆ మాట కాదనకూడదు. కానీ రైలుకి ఊరు కావాలిగా? స్టేషను, గూడ్సు షెడ్డు, సిగ్నలు గది, ముప్ఫై చిల్లర చెక్క ఇళ్ళు. ఆ గోడలన్నీ పళ్ళాయన చేతివి. ఎనిమిదేళ్ళ ఆదివారాలు వాటికే పోశాడు.

అగ్గిపుల్లంత వెడల్పు పలకలు తీసుకుని, ఇనప బ్రష్షుతో పొడుగునా గీరేవాడు. అప్పుడు చెక్కలోని చారలు లేస్తాయి. నల్ల ఇంకు నీళ్ళలో పల్చగా కలిపి, పలకలు రెండువైపులా తడిపి, బరువు కింద పెట్టి ఆరబెట్టేవాడు. ఒక్కవైపే తడిపితే పలక వంకర తిరుగుతుంది మరి. ఆరాక అవి ఎండకీ వానకీ యాభై ఏళ్ళు నిలబడ్డ చెక్కలా బూడిదరంగుకి తిరుగుతాయి. దానిమీద రంగు. రంగు పూర్తిగా ఆరకముందే టేపు అంటించి చటుక్కున లాగేస్తే, పెచ్చులు లేచిపోయిన గోడ. సూదిమొనతో మేకుల గుర్తులు, ఒక్కో మేకు కింద వెంట్రుకవాసి తుప్పు చార, నేలకి దగ్గర సుద్దపొడితో దుమ్ము. చూరు కింద మాత్రం రంగు కొత్తగానే ఉంచేవాడు. అక్కడికి వాన రాదుగా.

ఇంత చేసి ఏనాడూ ఒక్కమాట అనలేదు మహానుభావుడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అబ్బ అనేవాళ్ళు, హెడ్మాస్టరు చిన్నగా దగ్గి, "ఏదో, ఓపిక ఉండాలండీ" అనేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఎవరి ఓపికో అడిగే నాథుడు లేడు.

ఆ ఆదివారం రైల్వే మ్యూజియం మేడం వచ్చింది. జుట్టంతా నెరిసిన పెద్దావిడ. చేతిలో భూతద్దం. రైళ్ళకేసి చూడను కూడా చూడలేదు. తిన్నగా గూడ్సు షెడ్డు దగ్గరికెళ్ళి వంగింది. వంగినమనిషి పావుగంట లేవలేదు.

"మాస్టారూ, ఈ పడమటి గోడ ఇంతలా పెచ్చులూడింది, తూర్పు గోడ బాగానే ఉంది. ఎందుకని?"

"అదా? అటువైపు రంగు చాలలేదండీ," అని నవ్వేశాడు హెడ్మాస్టరు.

మూల బల్ల దగ్గర పళ్ళాయన బ్రష్షు పట్టుకుని నిలబడి ఇదంతా విన్నాడు. ఆ ఊరికి వాన ఎప్పుడూ పడమటినుంచే కొడుతుందని తను మొదటి ఇల్లు కట్టినరోజే అనుకున్నాడు. అందుకే ఊళ్ళో ప్రతి ఇంటికీ పడమటి గోడే పాడయింది. ఎనిమిదేళ్ళు తప్పకుండా పాటించిన లెక్క అది. దాన్ని పట్టుకుని రంగు చాలలేదంటాడా!

మేడం తలెత్తి ఇటు చూసింది. "ఆయన ఎవరు?"

"మా తమ్ముడండీ. మా మరదలి భర్త. చేతిసాయానికి వస్తుంటాడు పాపం. బ్రష్షులు కడిగిపెడతాడు."

బ్రష్షులు కడిగిపెడతాడు! వెనక నిలబడ్డ బొమ్మ రైళ్ళ క్లబ్బువాళ్ళు ఇద్దరు ముగ్గురు పళ్ళాయనని చూసి జాలిగా నవ్వారు. అతని అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఏం చేశాడు? చేతిలో బ్రష్షుని నీళ్ళలో ముంచి, నిజంగానే కడిగాడు.

మేడం పోతూ పోతూ విషయం చెప్పింది. మ్యూజియంలో ఒక గదినిండా పాతకాలపు రైల్వే ఊరు కట్టిస్తున్నారట. అరవై చెక్క ఇళ్ళు. గోడలన్నీ ఒక్క చేతిమీదే జరగాలి, ఆ చేతి యజమాని పేరు గది గుమ్మం మీద ఉంటుంది. "మాదొక పద్ధతుంది మాస్టారూ. ఎంత పేరున్నవాళ్ళయినా మా బల్ల దగ్గర కూర్చుని జానెడు గోడ చేసి చూపించాలి. శనివారం రండి."

"తప్పకుండా," అన్నాడు హెడ్మాస్టరు, ఛాతీ రెండంగుళాలు పెంచి.

ఇంటికొచ్చి పళ్ళాయన జరిగింది చెప్పాడు. భార్య వింటూ వింటూ చేతిలో గిన్నె ఠపీమని గట్టుమీద పెట్టింది. "ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళలో పళ్ళు పెడతారు, మీ నోట్లో మాత్రం ఒక్క మాట పెట్టుకోరు! మా అక్క మొగుడైతే మాత్రం? ఆ అరవై ఇళ్ళు మీవి. ఆ గుమ్మం మీద పేరు మీది. వెళ్ళి ఆ మేడంతో చెప్పండి."

"చెబితే నమ్మాలిగా. ఆయన ముప్ఫై ఐదేళ్ళు మాట్లాడి జీతం తీసుకున్న మనిషి. మాటల్లో ఆయన్ని నేను గెలవను."

"అయితే బ్రష్షులు కడుక్కుంటూ కూర్చోండి!"

అతను కూర్చోలేదు. సోమవారం ల్యాబులో అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ హెడ్మాస్టరు ఫోను చేశాడు. "తమ్ముడూ, శనివారానికి పలకలూ ఇంకూ రంగులూ అన్నీ ఒక డబ్బాలో సర్ది ఉంచు. నువ్వూ రా, పక్కన నిలబడి అందిద్దువుగాని. ఏముంది, ఇంకులో ముంచి రంగు పూయడమేగా?"

ఏముందిట! పళ్ళాయన ఫోను పెట్టేశాడు. ఎదురుగా బల్లమీద పళ్ళ అచ్చులకి వాడే తెల్ల మైనం ఉంది. దాన్ని చూసేసరికి అతని మొహంలోకి ఒక నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తే వాళ్ళావిడ కూడా జడుసుకునేది.

పలకల పనిలో మొట్టమొదటి పాఠం ఒకటుంది. కొట్లో కొన్న పలకకి ఒక్కోసారి ఒకవైపు మిల్లు నూనో, జిగురో అంటి ఉంటుంది. కంటికి కనపడదు. అందుకని ఇంకు ముట్టుకునేముందు పలకమీద ఒక నీటిచుక్క పెట్టి చూడాలి. చుక్క ఇంకిపోతే సరే. గుండ్రంగా నిలబడితే పలకని తిప్పి రెండోవైపు వాడాలి. పనిచేసే చెయ్యి ఏదైనా సరే, చుక్క పెట్టకుండా మొదలుపెట్టదు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టే.

పళ్ళాయన మైనం వేడిచేసి, గుడ్డకి రాసి, నలభై పలకలకి ఒక్కవైపు మాత్రం పల్చగా రుద్దాడు. మెరుపు పోయేదాకా ఇంకో పొడిగుడ్డతో తుడిచాడు. రెండోవైపు ముట్టుకోలేదు. పని తెలిసినవాడికి ఇందులో ఏ మోసమూ లేదు, ఒక్క చుక్కా ఒక్క తిప్పూ, అంతే. పని తెలియనివాడికి మాత్రం ఇది గొయ్యి. రుద్దుతున్నంతసేపూ అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఒక్కో పలకకీ, రంగు చాలలేదా, రంగు చాలలేదా, అని లోపల అనుకుంటూ రుద్దాడు. మైనమున్నవైపు పైకి వచ్చేలా వరసగా పేర్చాడు.

శుక్రవారం సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి ఇచ్చాడు. అక్కడే, గుమ్మంలో నిలబడి, ఆఖరిసారి చెప్పాడు. "అన్నయ్యా, ముందు చుక్క పెట్టి చూడాలి. ఎప్పుడూ చెబుతుంటానే."

హెడ్మాస్టరు ఫోన్లో ఎవరితోనో శనివారం సంగతే గొప్పగా చెబుతున్నాడు. "ఆఁ ఆఁ, సరే సరే," అని చెయ్యూపాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నోసారో ఆ మాట చెప్పడం! చెవికెక్కితేగా.

మ్యూజియం వర్కుషాపులో పొడుగాటి బల్ల, మీద రెండు దీపాలు. మేడం, ఆవిడ దగ్గర పనిచేసే వడ్రంగి, క్లబ్బువాళ్ళు అరడజను మంది. హెడ్మాస్టరు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. పక్కన పళ్ళాయన.

హెడ్మాస్టరు ఒక ఉపన్యాసం ఇచ్చి, పలకలు పరిచి, చుక్కా లేదు గిక్కా లేదు, బ్రష్షు ఇంకులో ముంచి పొడుగునా లాగాడు.

ఇంకు నిలబడలేదు. ముత్యాల్లా ముద్దకట్టి ఇటు కాస్తా అటు కాస్తా దొర్లింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే. "ఇంకు పల్చనైంది," అని ఇంకాస్త కలిపాడు. నల్లగా ముద్దలు కట్టింది. గుడ్డతో తుడిస్తే పలక పుట్టినప్పటి తెల్లదనంతో తేలింది. వడ్రంగి మేడం వైపు చూశాడు.

హెడ్మాస్టరుకి చెమటలు పట్టాయి. కంగారులో ఇంకు గుమ్మరించేశాడు. అది పక్కలనుంచి కిందికి కారి మైనం లేనివైపు తడిపింది. కిందివైపే తడిసేసరికి పలకలు ఒక్కొక్కటే అంచులు లేపి దోనెల్లా ముడుచుకోవడం మొదలుపెట్టాయి. వెనకెవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు చూశాడు హెడ్మాస్టరు పళ్ళాయనకేసి. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఆ మనిషి అవసరం ఉన్నట్టు చూశాడు. "తమ్ముడూ..." అన్నాడు గొంతు తగ్గించి.

తిప్పండి అన్నయ్యా. రెండే రెండు మాటలు. అవి పళ్ళాయన నాలిక చివరిదాకా వచ్చాయి కూడా. పాపం, పెద్దవాడు, నలుగురిలో నగుబాటు, అనిపించింది. ఆ వెంటనే చేతిలో బ్రష్షుతో మూల నిలబడ్డ ఆదివారం గుర్తొచ్చింది. నోట్లో నాలుక లేదనేగా అందరూ అనేది? సరే, లేదు. నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"ఈ చెక్కే మంచిది కాదండీ!" హెడ్మాస్టరు బ్రష్షు విసిరేశాడు. "పనికిరాని సరుకు. తెచ్చింది వీడు. వీడికేం తెలుసు!"

మేడం ముడుచుకోని పలక ఒకటి తీసుకుంది. గ్లాసులో వేలు ముంచి ఒక చుక్క పెట్టింది. చుక్క గుండ్రంగా నిలబడింది. పలక తిప్పి ఇంకో చుక్క పెట్టింది. ఇంకిపోయింది.

"చెక్క బాగానే ఉంది మాస్టారూ," అంది నెమ్మదిగా. "చుక్క పెట్టకుండా ఎనిమిదేళ్ళు గోడలెలా చేశారు?"

హెడ్మాస్టరు నోరు తెరిచాడు. ముప్ఫై ఐదేళ్ళ అనుభవమున్న నోరు. అందులోంచి చిన్న దగ్గు మాత్రం వచ్చింది.

మేడం పళ్ళాయన వైపు తిరిగింది. "తెచ్చింది మీరేగా? మీరు చేయండి."

పళ్ళాయన కుర్చీ లాక్కున్నాడు. ప్రతి పలకకీ చుక్క పెట్టాడు, ప్రతి పలకనీ తిప్పాడు. గీరాడు. మైనమున్న వెనకవైపు తడి ఎక్కదు కాబట్టి, ముందువైపు చాలా కొద్దిగా ఇంకు పెట్టి, వెంటనే గుడ్డతో అద్ది, ఇనప దిమ్మ కింద బిగించాడు. ఆరాక ఎర్ర రంగు పొడిబ్రష్షుతో తాకీ తాకనట్టు వేశాడు. టేపు పెట్టి లాగాడు. సూదితో మేకులు గుచ్చాడు. గంటన్నర పట్టింది. పూర్తయ్యేసరికి ఆ జానెడు గోడ, ఎవరో కాపురముండి ఖాళీచేసి వెళ్ళిపోయిన ఇంటి గోడలా ఉంది.

మేడం భూతద్దంతో చూసింది. "ఇక్కడ ఎక్కువ పెచ్చులూడింది. రంగు చాలలేదా?" ఆవిడ కళ్ళలో నవ్వుంది.

"కాదండీ. అది పడమటి గోడ. మా ఊళ్ళో వాన అటునుంచే కొడుతుంది."

మేడం భూతద్దం కింద పెట్టింది. "గుమ్మం మీద ఎవరి పేరు రాయించాలో తెలిసింది." తర్వాత హెడ్మాస్టరుని చూపిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మరి ఈయన?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆరు రోజులుగా పళ్ళాయన నోట్లో ఒక మాట నానుతోంది.

"మా అన్నయ్యగారండీ. మా వదిన భర్త. చేతిసాయానికి వస్తుంటారు పాపం. బ్రష్షులు కడిగిపెడతారు."

ఈసారి క్లబ్బువాళ్ళు జాలిగా నవ్వలేదు. గట్టిగా నవ్వారు. హెడ్మాస్టరు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"అలాగా," అంది మేడం. "మాస్టారూ, సింకు ఆ మూల ఉంది."

ఏం చేస్తాడు? వెళ్ళిపోతే అందరిముందూ ఒప్పుకున్నట్టు, ఉంటే కడగాలి. మింగలేక కక్కలేక, బ్రష్షులన్నీ గుప్పిట పట్టుకుని వెళ్ళాడు. కుళాయి కింద నాలుగుసార్లు ఆడించి, వెంట్రుకలు కిందికి పెట్టి గ్లాసులో కుక్కేశాడు.

పళ్ళాయన లేచి సింకు దగ్గరికి వెళ్ళాడు. గ్లాసులోంచి బ్రష్షులు ఒక్కొక్కటే తీశాడు. వెంట్రుకల మొదళ్ళలోంచి ఇంకా ఇంకు కారుతోంది. మళ్ళీ కడిగి, గుడ్డకి అద్ది, మొనలు వేళ్ళతో సాపు చేసి, బల్లమీద పడుకోబెట్టాడు.

"ఇలా తలకిందులు పెడితే మొనలు వంగిపోతాయి అన్నయ్యా," అన్నాడు మెత్తగా. "ఇది కూడా పనే. ఆదివారం మా ఇంటికి రండి, నేర్పిస్తాను."