అయిదున్నర అని రాసిన చోట

డాక్టర్ ఛాయ మా సెక్టార్‌కి వచ్చి, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైనవాళ్ల రక్తం కావాలని అడిగినప్పుడు ముందుగా చెయ్యి చాపింది నేనే.

ఆ అమ్మాయి భిలాయ్‌లోనే పుట్టింది. తండ్రిది బొబ్బిలి దగ్గర పల్లె. తెలుగు చక్కగా అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు మధ్యలో హిందీలోకి జారిపోతుంది. ఒక వైద్య కళాశాలలో పరిశోధన చేస్తోంది. వ్యాయామం చేస్తే రక్తం గడ్డకట్టే తీరు ఎలా మారుతుందన్నది ఆమె ప్రశ్న.

"గడ్డ కట్టకపోతే దెబ్బ తగిలినప్పుడు మనిషి బతకడు. కట్టింది కరక్కపోయినా ముష్కిలే," అంది. "కరిగించే పదార్థం ఒకటి రక్తనాళాల గోడల్లో ఉంటుంది అంకుల్. కాళ్లు ఆడితే బయటికొస్తుంది. అరవై దాటినవాళ్లు పది నిమిషాలు మెట్లెక్కితే అది తగినంత వస్తుందా లేదా, నేను చూడాల్సింది అదే."

నా భార్య మీనాక్షి పోయి మూడేళ్లయింది. జారిపడి కాలు విరిగితే కట్టు వేశారు. అయిదు వారాలు ఆమెను మంచం దిగనివ్వలేదు నేను. మంచినీళ్ల గ్లాసు కూడా నేనే అందించాను. కాలి నరంలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆస్పత్రిలో చెప్పారు. కాస్త నడిపించి ఉంటే బతికేదా అని మొదటిరోజే ఛాయని అడిగాను.

"తెలీదు అంకుల్," అంది. "ఆవిడ గురించి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇంకొకరి గురించి చెప్పగలగాలనే ఈ పని."

ఊరడించడానికి ఏదో ఒకటి అనేయకుండా ఆగింది. అదీ ఒక దయే అనిపించింది నాకు.

పన్నెండుమందిమి కుదిరాం. తెలుగు సమాజం మేడ మీద గది ఇచ్చారు. వారానికి ఒకరోజు ఉదయం అయిదున్నరకి ఏమీ తినకుండా రావాలి. అరగంట చాప మీద కదలకుండా పడుకోవాలి. ఆరింటికి మొదటిసారి రక్తం తీస్తుంది. తర్వాత పది నిమిషాలు మెట్లు ఎక్కి దిగితే, వెంటనే రెండోసారి. ఆ రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని సన్నటి గాజు గొట్టంలో గడ్డకట్టించి, వెచ్చటి నీళ్ల తొట్టిలో నిలబెడుతుంది. గొట్టంలో చిన్న బుడగ పైకి లేచిందంటే గడ్డ కరిగిందని గుర్తు. విశ్రాంతిలో తీసిన రక్తం గడ్డ కరగడానికి మూడు నాలుగు గంటలు పట్టాలి. మెట్లెక్కాక తీసింది చాలా ముందే కరగాలి. ఆ తేడాయే ఆమెకు కావాల్సింది.

నేను షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేసినవాణ్ణని హాజరు పుస్తకం నాకు అప్పజెప్పింది.

ఆ పుస్తకంలోనే తప్పు చేశాను.

మా వాళ్లంతా ముప్పై అయిదేళ్లు సైరన్ మోగబోయే ఆఖరి నిమిషంలో గేటు దాటినవాళ్లు. ఆరు గంటల షిఫ్ట్‌కి అయిదూ యాభై అయిదుకి సైకిల్ స్టాండులో దిగడం వాళ్లకి ఎముకల్లో ఇంకిపోయింది. అయిదు పది నిమిషాలు ఆలస్యమైన మనిషి సగం రోజు పోగొట్టుకోవడం నాకెప్పుడూ మనసొప్పేది కాదు. వేళకే వచ్చినట్టు రాసేవాణ్ణి. అందుకు నన్ను మంచివాడు అనేవారు. ఇక్కడా అదే చెయ్యి అదే పని చేసింది.

కోక్ ఓవెన్స్ విభాగంలో పనిచేసిన పోలయ్య రిసాలి నుంచి వచ్చేవాడు. ఆరుకి ఏడెనిమిది నిమిషాలు ఉందనగా మెట్లమీద అడుగుల చప్పుడయ్యేది.

"బాబూ, రాసీసినారేటి?"

"రాసేశాను. అయిదున్నర."

"సల్లగుండండి!" అంటూ చాప మీద వాలిపోయేవాడు. ఛాయ పక్కగదిలో గొట్టాలు సర్దుకుని వచ్చేసరికి పన్నెండు చాపల మీద పన్నెండుమందిమీ బుద్ధిగా వెల్లకిలా ఉండేవాళ్లం.

పోలయ్యకి ఇందులో వింత తోచేది. "డూటీలో తొంగుంటే చార్జిషీటు ఇచ్చీవోరు. ఇక్కడ తొంగోడమే డూటీ!" అని నవ్వేవాడు.

ఎనిమిది వారాలు ఇలాగే గడిచాయి.

జనవరిలో ఒకరోజు ఛాయ నన్ను కూర్చోబెట్టి కాగితాలు చూపించింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"దేఖియే అంకుల్. పదిమందికి ముందు తీసిన రక్తం, తర్వాత తీసిన రక్తం ఒకేలా కరుగుతున్నాయి. తేడాయే లేదు. మీకూ గున్నమ్మ ఆంటీకీ మాత్రమే ఉంది. మీ ఇద్దర్నీ లెక్కలోంచి తీసేయమంటున్నారు మా గైడ్. అప్పుడు ఇక ఏమీ మిగలదు. పది రోజుల్లో కమిటీ ఉంది, ఆపేయమంటారు."

"ఆపేస్తే?"

"ఈ వయసువాళ్లకి మెట్లెక్కినా లాభం లేదని కాగితం మీద ఉండిపోతుంది."

మర్నాడే మా వంతు. నా ఇల్లు వెనక వీధిలోనే కాబట్టి తీరిగ్గా నడిచి అయిదుంబావుకి చేరాను. గున్నమ్మ అప్పటికే పడుకుని ఉంది. కోహ్కా నుంచి మేనల్లుడు మనోజ్‌కుమార్ ఆటోలో దింపుతాడు. అందరికంటే ముందే వస్తుంది. ఎందుకంత తొందరని అడిగితే, "ఇంటికాడ అరగంట తొంగోనిచ్చినోడెవుడు బాబూ?" అంది.

ఆరుకి ముందు పోలయ్య వచ్చి చాప మీద బోర్లా పడి, మళ్లీ తిరిగాడు. వీధిలో మంచు కప్పేసి ఉంది. ఇంత చలిలోనూ అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. రొప్పుతున్నాడు. అవతలి చాప మీద బలరాం. ఉతై నుంచి సైకిల్ మీదే వస్తాడు. అతనూ రొప్పుతున్నాడు.

నేను కిటికీలోంచి కిందికి చూశాను. పది సైకిళ్లు.

తేడా కనిపించినవాళ్లం ఇద్దరం. సైకిల్ తొక్కనివాళ్లమూ ఇద్దరమే. నా చేతిలో పుస్తకం ఉంది. పది చోట్ల అయిదున్నర అని, నా గుండ్రటి అక్షరాలతో.

చెప్పకుండా ఉండొచ్చు. వచ్చే వారం నుంచి అందర్నీ ముందే రమ్మనొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. కానీ వచ్చే వారం అనేది ఆ అమ్మాయి చేతిలో ఉందో లేదో నాకు తెలీదు.

తలుపు దగ్గరే ఆపాను. "ఛాయమ్మా, ఇవాళ తియ్యకు. వీళ్లు అయిదున్నరకి రావడం లేదు."

"కితనే బజే ఆతే హై?"

"ఆరుకి అయిదు నిమిషాలుందనగా వస్తున్నారు, సైకిళ్లు తొక్కుకుంటూ. అయిదున్నర అని రాస్తున్నది నేను."

"ఎన్ని వారాల నుంచి?"

"మొదటి నుంచీ."

ఆమె చేతిలో సిరంజి ఉన్న పళ్లేన్ని మెల్లిగా బల్ల మీద పెట్టింది.

"దో మహీనే, రెండు నెలలు, అంకుల్. రెండుసార్లు కెమికల్స్ మార్చాను. ఫ్రిజ్‌ని అనుమానించాను. నా చేతుల్ని అనుమానించాను. మీ పుస్తకాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు."

నేను పుస్తకం ఆమెకి చాపాను. ఆమె అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి సైకిళ్లు చూసింది. పుస్తకంలో పేర్ల మీద వేలు పోనిస్తూ లెక్కపెట్టింది.

"అంటే," అంది, ఈసారి గొంతు వేరుగా ఉంది, "ఇంటి దగ్గర్నుంచి తొక్కుకుంటూ వచ్చేసరికే కరిగించే పదార్థం బయటికొచ్చేస్తోంది. నేను విశ్రాంతి అనుకుని తీస్తున్నదే వ్యాయామం చేసిన రక్తం. గడ్‌బడ్ మన దగ్గర ఉంది. వీళ్ల రక్తంలో లేదు."

"ఇప్పుడేం చేయాలి?"

"ఒక్కసారికే సామాను ఉంది. కమిటీకి ముందు ఒక్కసారి. అది కూడా పోతే అయిపోయినట్టే."

పోలయ్య లేచి కూచున్నాడు. "మా మేలుకి రాసినారు, బాబూ. మేం పరిగెట్టుకొచ్చి ఆ పిల్ల కొంప ముంచీసినాం."

"సైకిళ్ల పందేలు ఎట్టుకున్నారు మరి," అంది గున్నమ్మ. "పదిమంది మగోళ్లు, ఒక అరగంట ముందు మంచం మీంచి నెగనేకపోనారు."

మనోజ్‌కుమార్ ఆటో మాట్లాడాం, మూడు ట్రిప్పులు. పోలయ్య మొహం మాడ్చుకున్నాడు. "ఆటోలో నానేటి, పేసెంటులాగ!" చివరికి ఛాయ వెళ్లి, ఒక్కరోజుకి పేషెంటువి కా అంకుల్ అని చేతులు పట్టుకుంటే ఒప్పుకున్నాడు. ఆటో అంతదూరం రాదు కాబట్టి బలరాంని ముందురోజు సాయంత్రమే పోలయ్య ఇంటికి వచ్చి ఉండిపొమ్మన్నాం. సరేనన్నాడు.

తర్వాతి వారం మా వంతు రోజు అయిదుంబావుకే పదకొండు చాపలు నిండాయి. పన్నెండోది ఖాళీ. రాత్రి తన ఇంటికి రానేలేదని పోలయ్య చెప్పాడు.

అయిదూ యాభైకి మెట్ల మీద చప్పుడు. బలరాం. ఒళ్లంతా చెమట.

"సార్, ఇంటికి సుట్టాలొచ్చేసినారు, కదల్లేకపోనాను. తెల్లారి బయల్దేరితే సైకిల్ సైన్ ఊడిపోనాది." వంగి చిన్నగా అన్నాడు, "అయిదున్నర రాసీయండి సార్. ఇదే ఆఖరు."

ఛాయ వెనకే నిలబడి ఉంది. నేను పెన్ను తీసి 'అయిదూ యాభై' అని రాశాను. మనిషి మొహం చూస్తూ అలా రాయడం నా జీవితంలో అదే మొదటిసారి. బలరాం ఆ అక్షరాల వైపు నమ్మలేనట్టు చూశాడు.

"సైకిల్ తొక్కిన ప్రభావం పూర్తిగా దిగాలి. మీరు ఏడున్నర దాకా పడుకోవాలి అంకుల్," అంది ఛాయ అతనితో.

"ఏడున్నరా! నిద్దరొచ్చెస్తాది."

"సో జాయియే, నిద్రపోండి."

తన శాలువా తీసి అతని కాళ్ల మీద కప్పింది. అయిదు నిమిషాల్లో గురక మొదలైంది. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మెట్లు అయ్యాక ఎవరూ ఇళ్లకి వెళ్లలేదు. టీ, ఉప్మా తెప్పించుకుని నీళ్ల తొట్టి చుట్టూ చేరారు. ఏడున్నర దాటేసరికి పోలయ్య రెండో గొట్టంలో, మెట్లెక్కాక తీసినదాంట్లో, సన్నటి బుడగ ఒకటి అడుగు నుంచి కదిలి పైకి లేచింది. మొదటి గొట్టంలో గడ్డ అలాగే ఉంది. ఎనిమిదైంది. తొమ్మిదైంది.

"కరగనేదు!" అని చప్పట్లు కొట్టాడు పోలయ్య. తన రక్తం కరగనందుకు అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

తొమ్మిదింబావుకి పదకొండుమందికి తేడా తేలింది. ఛాయ వరండాలోకి వెళ్లి గైడ్‌కి ఫోన్ చేసింది. ముందు హాజరు పుస్తకం గురించి చెప్పింది, అంకెలు తర్వాత. అవతల చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చినప్పుడు ఆమె ముక్కు ఎర్రగా ఉంది.

"కమిటీలో ఆయనే నిలబడతానన్నారు. పాత ఎనిమిది వారాలూ తీసేసి, మళ్లీ మొదటి నుంచి."

"మళ్లీ ఆటోలేనా?" అన్నాడు పోలయ్య. గున్నమ్మ అతనివైపు ఓ చూపు చూసేసరికి, "సర్లెండి," అన్నాడు.

బలరాం గొట్టాల జంట ఒక్కటే మిగిలింది. అందరికంటే ఆలస్యంగా తీసింది కదా. అతను నిద్రమొహంతో తొట్టి మీదికి వంగి, తన రెండు గొట్టాలకేసీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. రెండోదాంట్లో బుడగ వణికి, విడివడి, లేచింది. మొదటిది కదల్లేదు.

ఛాయ కాగితమూ పెన్నూ నా ముందు పెట్టింది.

"టైం రాయండి అంకుల్."

గోడ గడియారం ఒకసారి, చేతి గడియారం ఒకసారి చూసుకుని, తొమ్మిదీ నలభై నాలుగు అని రాశాను.