ఆరుతూనే ఉన్న లుంగీ

కొత్తగా కట్టిన నయా రాయపూర్‌కు జనం నయానా రాలేదు, భయానా రాలేదు. రోడ్లు మాత్రం వచ్చాయి. వాటి వెడల్పు చూసి మురిసిపోయి రైల్వే గార్డు బంగారయ్య అక్కడొక ఫ్లాటు కొన్నాడు. కొన్నాక తనే ఫ్లాటయ్యాడు. ఆలోచన మంచిదే. రిటైరవగానే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఫ్లాటు అద్దెకిచ్చి, ఆ అద్దెతో పాత ఊళ్ళో రైల్వే కాలనీ పక్కనే, మన తెలుగువాళ్ళ మధ్య, చిన్న వాటాలో ఉండాలి. భార్య సూరమ్మకి మనుషులు కావాలి మరి. గోడ మీంచి గిన్నె అందుకునే చెయ్యి లేకపోతే ఆవిడ కూర ఉడకదు.

టు-లెట్ బోర్డు కట్టారు. ఎండకి అక్షరాలు దిగిపోయాయి గానీ అద్దెకు ఎవరూ దిగలేదు.

పక్క ఫ్లాటు అప్పారావుది. అతనూ రైల్వేవాడే, సలహాల్లో మాత్రం ఎక్స్‌ప్రెస్.

"బావా, సున్‌సాన్‌గా ఉన్న ఇంటికి ఎవడొస్తాడేటి? జనం ఉన్నట్టు కనబడాల. బాల్కనీల బట్టలారెయ్యి."

"ఎవులివి?"

"నీవే! నాను ఆరెయ్యనేదేటి? ఇంకోటి. తెలుగోళ్ళకే ఇస్తాను, శాకాహారులకే ఇస్తానని షరతులెట్టకు. ఊపిరాడతంటే చాలు, చాబీ ఇచ్చెయ్."

అప్పట్నుంచి ఆదివారాలు దంపతులు తడిబట్టల సంచీతో బస్సెక్కారు. అన్ని బాల్కనీల్లోనూ బట్టలు చూసి సూరమ్మ ప్రాణం లేచొచ్చింది. ఎదురు ఫ్లాటులో ఓ చిన్న పచ్చగౌను కూడా ఉంది.

"పాపుంది కావాల. బుల్లి గౌను!" అని మురిసింది.

కొన్నాళ్ళకి ఆవిడకే అనుమానం వచ్చింది.

"ఏటయ్యా, అప్పారావు గళ్ళ లుంగీ మూడు వారాలనుంచి ఆరతంది?"

"మబ్బేమో."

"మబ్బు నీ బుర్రకి. ఆ గౌను చూడు, అదే క్లిప్పు, అదే మడత."

ఇద్దరూ ఒక్కొక్క బాల్కనీ చూశారు. బట్టలన్నీ రోడ్డు వైపే వెలిసిపోయి ఉన్నాయి. ఆరేసిన వాళ్ళంతా ఓనర్లే, ఉన్నవాళ్ళెవరూ లేరు.

రిటైర్మెంటు వచ్చింది, కిరాయిదారు రాలేదు. క్వార్టరు ఖాళీ చేసి ఫ్లాటు ఖాళీలోకే సామాను దించుకున్నారు.

అప్పారావు ఎగిరి గంతేశాడు. నిజం మనుషులే ఉంటే తన ఫ్లాటు అద్దెకు పోదా? భిలాయి నుంచి, కొత్తగా సచివాలయంలో ఉద్యోగం వచ్చిన మహేంద్రని, అతని భార్య బిందుమాధవిని వెంటబెట్టుకొచ్చాడు.

"అంతా నిండిపోనాది. నాదొక్కటే మిగిలింది. అక్కా, జరా చెప్పు!"

సూరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"బోర్ కొట్టదా ఆంటీ?"

"బోరేటమ్మా, నానున్నాను కదా! కూకో. టీ ఎడతాను. పకోడీ ఎయ్యనా? భోంచేసి ఎల్దురు గాని. మీయమ్మ ఏటి వండుద్ది? నువ్వు నవ్వితే పళ్ళు బాగున్నాయే..."

టీ అయింది. రెండో టీ అయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. బిందుమాధవి మొగుడి వైపు చూసి, మెల్లిగా అడిగింది.

"ఆంటీ, ఇక్కడ మీతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా?"

ఒక్క అబద్ధం ఆడితే ఆ పిల్ల పక్కింటిదయ్యేది. సూరమ్మ నోరు తెరిచింది. మాట వచ్చేలోపే కళ్ళు నిండాయి.

వాళ్ళు పాత ఊళ్ళోని టాటీబంధ్‌లో అద్దెకు దిగారని తర్వాత తెలిసింది. అక్కడ రాత్రంతా లారీలు అరుస్తాయి. అరిస్తేనేం, అరుపు ఉంది.

"తప్పు నాదే అక్కా," అన్నాడు అప్పారావు. "వచ్చినోళ్ళ చెయ్యి పట్టుకోకూడదని సలహా ఇవ్వనేదు. పోనీ, ఎలాగూ ఇక్కడే ఉంటావు, నా లుంగీ వారానికోపాలి మార్చెయ్యి." తాళంచెవి ఇచ్చేసి వెళ్ళాడు.

అది చూసి మిగతా ఓనర్లూ ఇచ్చారు. ఇప్పుడు సూరమ్మ నడుముకి బిల్డింగంత గుత్తి. ఇన్ని తాళంచెవులున్నా ఆవిడ గోడు వినే చెవి ఒక్కటీ లేదు.

సోమవారం ఎదురు ఫ్లాటు గౌను ఉతకడానికి బయల్దేరింది. గుత్తిలోంచి ఆ తాళంచెవి వెతికి పట్టుకుంది. అయినా ముందు తలుపు తట్టి, కొంగు సర్దుకుని, కాసేపు అక్కడే నిలబడింది.