ఒక్కడు నడిచిన ముగ్గు

లక్ష్మీనర్సయ్య పోసిన ముగ్గు ఎంత తిన్నగా ఉండేదంటే, ధామన్కర్ నాకా దగ్గర గీత మొదలుపెడితే చీమలు దాన్ని పట్టుకుని పక్క ఊరు కళ్యాణ్ దాకా వరస తప్పకుండా పోయేవి. నేను కళ్లారా చూశాను. మధ్యలో ఒక చీమ చాయ్ తాగడానికి ఆగింది, అంతే.

ముంబై పక్కన భివండిలో మాది ఇళ్లు కట్టే కంపెనీ. రేకు బోర్డు మీద 'లక్ష్మీనర్సయ్య అండ్ కంపెనీ' అని ఉండేది. అందులో కంపెనీ అంటే నేనే, నా పేరు ఓదెలు. ఇద్దరం జగిత్యాల దిక్కు నుంచి మగ్గాల పనికొచ్చి, గోడల పనికి తిరిగాం. చదువు లేదు. కాగితం మీద నక్షా గీయలేక నేల మీదే, ఇల్లెంతో అంత, సున్నంతో ముగ్గు పోసేవాళ్లం. తొంభై ఒకటి నుంచి రెండువేల ఒకటి దాకా నలభై రెండు కట్టాం. ఎక్కువ లూమ్ షెడ్లు, కొన్ని చాల్‌లు అనే వరస గదుల ఇళ్లు, మాన్కోలిలో విఠల్ సేఠ్ రెండంతస్తుల ఇల్లు.

ముగ్గు పోశాక అందులో ఉండబోయే వాళ్లందరినీ పిలిచి ఒక పూట కాపురం చేయమనేవాళ్లం. లేని పొయ్యి మీద ఇల్లాలు వండాలి, లేని మంచం మీద ముసలమ్మ పడుకోవాలి. ఎవరికెవరు తగులుతున్నారో చూసి లక్ష్మీనర్సయ్య కాలితో గీత చెరిపి జరిపేవాడు. రాని వాళ్ల బదులు నేను నడిచేవాణ్ని. అట్లా ఎనిమిది మందికి పెళ్లాన్నయ్యాను, ముగ్గురికి అత్తనయ్యాను, ఒకసారి బర్రెనయ్యాను. బర్రెగా ఉన్నప్పుడు పక్కింటాయన వచ్చి ఎన్ని పాలిస్తానని అడిగాడు.

కంపెనీకి ఒకటే నియమం. ఒక్కడు నడిచిన ముగ్గు మీద పునాది తీయం.

"ఒక్కడు ఎవలకు తాకడు. తాకకుంటే గోడ యాడ వెట్టాల్నో ఎట్ల తెలుస్తది?" అనేవాడు లక్ష్మీనర్సయ్య.

ఇల్లు నచ్చి విఠల్ సేఠ్ మాకు మాన్కోలిలో చిన్న జాగా ఇచ్చాడు. మా ఇద్దరికీ ముందూ వెనకా ఎవరూ లేరు. రెండు మంచాలు పట్టేటట్టు లక్ష్మీనర్సయ్య ముగ్గు పోశాడు. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయాడు. ముగ్గు కూడా వానకు పోయింది.

రెండేళ్లు నేను ఆ దిక్కు చూడలేదు. మొన్న ఎండాకాలం విఠల్ సేఠ్ వెతుక్కుంటూ వచ్చాడు. మా వాళ్లతో తిరిగి తిరిగి మా తెలుగు నేర్చినవాడు.

"ఓదెలు భావూ, చుట్టంత గోదాములైతున్నయ్. వానలకు ముందు పునాది లేస్తే జాగ నీది. లేకుంటే మా అన్నలు గోదామోళ్లకిస్తరు."

"లేస్తది సేఠ్. విమానాలు పక్కకు జరిగి పోవాలె, గంత ఎత్తు."

"ఎత్తు సంగతి తర్వాత. లోపలెవరుంటరు?"

నేను సున్నం మూట వెతకడానికి లేచాను.

మర్నాటి నుంచి సున్నం మూట పట్టుకుని అక్కడే ఉన్నాను. దారం రెండో కొస పట్టే మనిషి లేక మేకుకు కట్టాను. లక్ష్మీనర్సయ్య పోసినట్టే పోశాను. రెండు మంచాలు, ఒక పొయ్యి, తూర్పున తలుపు. తర్వాత నడిచాను. నా మంచం మీద కూర్చుని, "అన్నా, కాలు జరుపు" అన్నాను. లేచి ఆయన మంచం మీదికి పోయి, "నువ్వే జరుపు" అన్నాను. లారీ డ్రైవర్లు ఆగి చూశారు. మూడు రోజులు నడిచినా నేను ఎవరికీ తగల్లేదు. పడమట మబ్బు పట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం వెంకవ్వక్క ఆటో దిగింది. మా ఇద్దరికీ పదేళ్లు తన మెస్సులో అన్నం పెట్టిన మనిషి. నేను మూడు రోజులు తిండికి పోలేదని డబ్బా పట్టుకొచ్చింది. నేరుగా లోపలికి నడిచింది.

"అక్కా, ఆగు. గోడల నుంచి వస్తున్నవు."

"యాడున్నది గోడ?"

"నీ కాలి కింద. దర్వాజ అటున్నది, తిరిగి రా."

"గీ ఎండల తిరిగొస్తనా? ఆటోవాడు ఇటు దించిండు, ఇటే వచ్చిన. వద్దంటే చెప్పు, డబ్బా తీస్కపోత."

ఇంకో రెండడుగులు వేసింది.

"మంచం మీద నిలవడ్డవు."

"ఎవలిది?"

"లక్ష్మీనర్సయ్యది."

ఆమె గబుక్కున కాలు తీసింది. పొయ్యి మీద పడింది. పక్కకు జరిగితే నా మంచం.

"ఓదెలూ, నీ ఇంట్ల మనిషొస్తే కూసునే జాగ లేదుర" అంది.

నేను లక్ష్మీనర్సయ్య మంచం దగ్గరికి పోయాను. ఆయన చెరిపినట్టే దాన్ని కాలితో చెరిపాను. ఒక వైపు చెరిగింది, రెండో వైపుకి కాలు రాలేదు. కాసేపాగి అది కూడా చెరిపాను. తలుపును ఆమె నడిచొచ్చిన చోటికి మార్చాను. ఖాళీ అయిన చోట ఆమె కూర్చుని డబ్బా విప్పింది.

"నేనీడ ఉండ, ముందే చెప్తున్న. మెస్సు ఎవలు నడపాలె? ఐతారం ఐతారం వస్త."

వారానికి ఒక్కసారి వచ్చే మనిషిని నియమం ఒప్పుకుంటుందో లేదో అడగడానికి లక్ష్మీనర్సయ్య లేడు. కంపెనీ అంటే ఇప్పుడు నేనొక్కణ్నే. ఒప్పుకుంటుందని అనుకున్నాను.

తిన్నాక, "ఆటో వచ్చేదాక దారం గా కొస పట్టు అక్కా" అన్నాను. పట్టింది. చెయ్యి కదిపింది, గీత వంకరపోయింది. అయినా చీమలు వరస కట్టాయి.

ఆటో హారన్ కొట్టింది. ఆమె దారం కొస మీద రాయి పెట్టి పోయింది. నేను గడ్డపార తీసుకుని కొత్త తలుపు దగ్గర మొదటి పోటు పొడిచాను.