వంకర లేని గీతలు

గోరు పట్టింది, పట్టకపోతే ఎంత బాగుండేది, పట్టకపోతే కాస్త పాలిష్ కాంపౌండు రాసి గుడ్డతో నాలుగు రుద్దులు రుద్ది పంపేసేది, ప్లాస్టిక్కు మీద గీత కనబడగానే ముందు గోరు అడ్డంగా పోనిచ్చి చూడాలని నేర్పింది నాన్నే, గోరు జారిపోతే పాలిష్, గోరు ఆగితే నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం, గోటితో పోయేదానికి గొడ్డలెందుకే అని నవ్వేవాడు, ఇదే షెడ్డులో, ఇదే బల్ల దగ్గర, ఇప్పుడు ఆ బల్ల మీద తమ్ముడి బండి ఎడమ పక్క ప్యానెల్ ఊడదీసి పెట్టి ఉంది, ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగిన నలుపు, దాని మీద ఈ గీతలు, ఒకటి కాదు రెండు కాదు, పదకొండు, ముందు నుంచి వెనక్కి, దువ్వెనతో దువ్వినట్టు తిన్నగా, ఆమె పదకొండోదాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

తమ్ముడు ఏమన్నాడు, స్టాండు జారిందక్కా, గేటు దగ్గర నిలబెట్టిన బండి ఒరిగిపోయింది, అంతే, నాలుగింటికల్లా ఇచ్చెయ్, పాపను బడి నుంచి తీసుకురావాలి, నీ మరదలికి మాత్రం చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది, అని గుక్క తిప్పుకోకుండా చెప్పి టీ తెస్తానంటూ పోయాడు, అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు, ఎవరికి చెబుతున్నాడో మరిచిపోయాడు వెధవ, ఇరవై ఏళ్లుగా పడ్డ బండ్ల జాతకాలు చదువుతున్న అక్కకు, నిలబెట్టిన బండి ఒరిగితే ఒక్కచోటే నలుగుతుంది, అరచేయంత మచ్చ, క్లచ్ లివరు కొస వంగుతుంది, పరుగులో పడ్డ బండికి గీతలు సాగుతాయి, కానీ అవి వంకర పోతాయి, పడుతున్న మనిషి ఊరుకోడు కదా, కాలు నేలకు తన్నుతాడు, హ్యాండిల్ లాగుతాడు, బ్రేకు మీద నిలబడతాడు, ఆ పెనుగులాట గీతలో కొడవలిలా తేలుతుంది, ఇందులో లేదు, ఒక్క గీతలోనూ లేదు, బండి పడుతుంటే దాని మీద కూర్చున్నవాడు ఏమీ చెయ్యలేదు, చెయ్యలేదంటే, ఆ క్షణాన వాడికి తెలివి లేదు.

ఈ గీతలు తనకు కొత్త కాదు, చూడటమేమిటి, రెండుసార్లు తన చేత్తో చెరిపింది, నాన్న బండి మీద, గుంతలో పడ్డానే అన్నాడు మొదటిసారి, కుక్క అడ్డొచ్చిందన్నాడు రెండోసారి, అమ్మకు చెప్పకు అన్నాడు రెండుసార్లూ, తనకేమో అప్పుడు పని కొత్త, చేతి సరదా, నాలుగు వందల నంబరు కాగితం, తర్వాత ఎనిమిది వందలది, తర్వాత పదిహేను వందలది, నల్లటి నీళ్లు కారేదాకా రుద్ది, వేడిగాలి గన్నుతో నలుపును పైకి రప్పించి, కాంపౌండు పట్టించి అద్దంలా చేసి పెడితే, నాన్న వంగి అందులో మీసం చూసుకుని, నన్ను మించిపోయావే బంగారం అన్నాడు, ఆ మాటకు వారం రోజులు ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు, మూడోసారి చెరపడానికి ప్యానెలే మిగల్లేదు, ఆగి ఉన్న లారీని వెనక నుంచి తిన్నగా వెళ్లి గుద్దేశాడు, ఆసుపత్రి వరండాలో డాక్టరు అమ్మను అడిగాడు, ఆయన ఇంతకుముందు ఎప్పుడైనా స్పృహ తప్పారా, బండి మీంచి పడ్డారా, ఎప్పుడూ లేదండీ, ఆయన బండికి ఏనాడూ ఒక్క గీత కూడా ఉండేది కాదు, అంది అమ్మ, ఆ ఏడుపులోనూ గర్వంగానే అంది, డాక్టరు తలూపి అదే రాసుకున్నాడు, పక్కనే నిలబడ్డ తాను నోరు విప్పలేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంది, అదేం కాదు, భయపడింది, అప్పుడూ ఇలాగే భయపడింది.

గోడ గడియారంలో మూడూ ఇరవై, పాప బండి మీద ముందు కూర్చుంటుంది, పెట్రోలు ట్యాంకు మీద రెండు చేతులతో దరువేస్తూ పాడుతుంది, పోనీ ఇదంతా తన చాదస్తమేమో, నాలుగు గీతలు చూసి ఇంత కథ అల్లుతోందేమో, రోడ్డు మీద ఇసుక ఉండి ఉంటుంది, బండి జారి ఉంటుంది, అనుకుంటూ ఉండగానే చెయ్యి ఎప్పుడు వెళ్లిందో బకెట్లో నానుతున్న కాగితాన్ని అందుకుంది, చేతికేం తెలుసు, గీత కనబడితే రుద్దడం తెలుసు, మూడు రుద్దులకే చివరి గీత సగం మాసిపోయింది, ఎంత తేలిగ్గా పోతోందో చూసేసరికి ఆమె కాగితం విసిరికొట్టింది, అప్పుడే తమ్ముడు రెండు కప్పులతో గుమ్మంలో నిలబడి, ఏంటక్కా, ఇంకా మొదలే పెట్టలేదా అన్నాడు, ఒరేయ్, ఎలా పడ్డావురా, చెప్పాగా స్టాండు, స్టాండు సంగతి వదిలెయ్, నీకెంతవరకు గుర్తుందో అది చెప్పు, వాడు నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలోనే ఆగింది, మలుపు దాకా గుర్తుందక్కా, తర్వాత ఎవరో మొహాన నీళ్లు కొడుతున్నారు, ఒక్క నిమిషమే, ఇప్పుడు బాగానే ఉన్నా, ఇలా ఎన్నిసార్లురా, వాడు కప్పులోకి చూస్తూ, రెండు, అన్నాడు.

బండి తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది, ఎప్పుడు తీసుకుందో తనకే తెలియదు, పాపను నేను నడిపించుకొస్తాలే అంది, వాడు బతిమాలాడు, కసురుకున్నాడు, నీ మరదలికి చెప్పకక్కా, ఏడుస్తుంది అన్నాడు, అచ్చం నాన్న గొంతే, ఏడవనీరా, ఏడిస్తే ఏడ్చింది, అంటూ ఫోను నొక్కింది, భయం ఎక్కడికీ పోలేదు, అవతల మరదలు, చెప్పు వదినా, అంటోంది, వదినా, వినబడుతోందా, అంటోంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి ఆమె ప్యానెల్‌ను పొడిగుడ్డతో అద్ది, సగం మాసినదానితో సహా పదకొండు గీతలకూ దెబ్బ తగలకుండా పాత దుప్పట్లో చుట్టింది, రేపు డాక్టరు అడుగుతాడు, ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డాడా అని, ఈసారి చూపించడానికి గీతలుండాలి.