గొళ్ళెం ఎటుపక్క

మూసారాంబాగ్‌లో మనసు జబ్బుల డాక్టరు ఇంటి మెట్ల దగ్గర జోస్నా మొండికేసింది. మల్లమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. తెలంగాణ బంద్, బస్సుల్లేవు. ఎల్బీనగర్ నుంచి ఎండలో నడిచొచ్చారు. గడ్డిఅన్నారం మార్కెట్ మూతపడబట్టి బత్తాయిలు ఏరే పనికి సెలవు దొరికింది. నూట ఇరవై రూపాయల కూలీ పోతే పోయింది. ఇంటర్ చదివే పిల్ల కాలేజీ మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, "బతకబుద్ధయితలేదమ్మా" అన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది?

"నేను రాను. లోపల ఏసి బయట గొళ్ళెం పెడ్తరు. కరెంటు షాకులిస్తరు."

"ఎవలు జెప్పిండ్రే?"

"నవల్ల ఉన్నది."

దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి తెచ్చుకున్న నవల అది. అందులో పదహారేళ్ళ పిల్లను డాక్టరు గదిలో బంధిస్తాడట. ప్రియుడు కిటికీ ఊచలు వంచి ఎత్తుకుపోతాడట. అతని బుల్లెట్ బండి ఎక్కగానే జబ్బు మాయమట.

మల్లమ్మకు ఒళ్ళు మండింది. రాసినవాడు ఏ దవాఖాన గడప తొక్కాడో, ఇలాంటి బిడ్డ పక్కన ఒక్క పూటైనా కూర్చున్నాడో లేదో. పిల్లల భయాన్ని అమ్ముకునే రకం. అయినా అనుమానం ఆమెనూ పట్టుకుంది. అచ్చులో ఉన్నదంతా ఉత్తదే అవుతుందా?

ఎలాగో బతిమాలి పైకి తీసుకెళ్ళింది. ముందుగా, గొళ్ళెం ఎటుపక్క ఉందోనని తలుపుకేసే చూసింది.

"రామ్మా, కూర్చో," అంది డాక్టర్ వేదవతి, కోస్తా యాసలో. "అమ్మగారూ, మీరు బయట ఉండండి. తలుపు వేస్తాను."

"ఎయ్యనియ్య," అంది మల్లమ్మ గడపలోనే నిలబడి. "నా బిడ్డ నాకు కనవడాలె."

డాక్టరు వాదించలేదు. "సరే, తీసే ఉంచుదాం. నిద్ర పడుతోందా తల్లీ?"

జోస్నా తల్లికేసి చూసింది, నేలకేసి చూసింది.

"చెప్పు బిడ్డా, నేనున్న గద."

జోస్నా లేచింది. పారిపోతుందేమోనని మల్లమ్మ అడ్డు నిలిచింది.

"అమ్మా, నువ్వు జర బయట కూసో," అని ఆ పిల్లే తల్లిని గడప దాటించి, తలుపు వేసి, లోపల గొళ్ళెం పెట్టుకుంది.

మల్లమ్మ బెంచీ మీద కూలబడింది. వారం రోజులుగా సరిగా నోరు విప్పని పిల్ల లోపల ఆగకుండా మాట్లాడుతోంది. తన ముందు చెప్పలేనిది ఏముంది? ఫీజు కట్టిన ప్రతిసారీ బిడ్డను తాను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మధ్యలో "అమ్మ" అన్న మాట స్పష్టంగా వినబడింది.

లేచి తలుపు దాకా వెళ్ళింది. చెవి ఆనించడానికి మాత్రం భయం వేసింది.