అలాగేనండీ

అక్క పోయాక ఆదివారాలు బావగారింట్లో గిన్నెలు కూడా నావే అయ్యాయి. ఆ రోజు తోముతుంటే వెనకనుంచి అక్క పలికింది.

"చక్కెర అయిపోయిందండీ, తెప్పించనా?"

చేతిలో గిన్నె జారింది. హాల్లోంచి బావగారి నవ్వు. "హడలిపోయావా మరదలా? మీ అక్కే! పిలవక్కర్లేదు, మాట వినపడితే చాలు, పలుకుతుంది."

వంటింటి కిటికీలో గుప్పెడంత స్పీకరు. అక్క తనకు పంపిన వాయిస్ మెసేజీలన్నీ వినిపించి దానికి ఆ గొంతు నేర్పించారట. వాటిలో ఏముంటాయో నాకు తెలుసు. వస్తున్నానండీ, వేడి చేశానండీ, అలాగేనండీ. అంత కాపురంలోనూ ఆయనతో అనగలిగినవి అవే. యంత్రానికి మాత్రం ఇంకేం వస్తాయి? బడిలో నేను వ్యతిరేకార్థక వాక్యాలు బల్ల గుద్ది మరీ చెబుతాను. ఈ గొంతుకు ఒక్కటీ రాదు.

"ఎదురు చెప్పదు, అలగదు. మనకింకేం కావాలి?" అన్నారు మావారు. తోడల్లుళ్లిద్దరూ నవ్వుకున్నారు. తర్వాత బావగారి గొంతు తగ్గింది. "ఇల్లు బోసిగా ఉందమ్మా. ఇది ఇంకా అక్కడక్కడ తడబడుతోంది. నీకూ పంపేదిగా, అవి కూడా ఇస్తే నిండుగా ఉంటుంది."

"ఇచ్చెయ్యరాదూ టీచరమ్మా," మావారు అందుకున్నారు. "హీరోయిన్లకి ఎవరో గొంతు అరువివ్వట్లా? నీది కూడా ఎక్కించి ఉంచుదాం, ఎందుకైనా మంచిది."

ఎందుకైనా మంచిది. అంటే, రేపు నేనూ పోతే. మొన్న స్టాఫ్‌రూములో, ఒక హీరోయిన్ ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించిన వీడియో చేతులు మారింది. "అది ఆవిడ కాదుగా, ఆవిడకేం నష్టం?" అన్నారు లెక్కల మాస్టారు. తెర మీద ఆమెకు గొంతు వేరేవాళ్లది. ఇప్పుడు ఒళ్లూ వేరేవాళ్లది. ఆమెదంటూ ఏం మిగిలిందో ఎవరూ అడగలేదు.

వంటింటి తలుపు చేరవేసి ఫోను తీశాను. నాకు పంపినవాటిలో అక్క వేరు. విసుక్కుంటుంది, బావగారిని అనుకరిస్తుంది, పగలబడి నవ్వుతుంది. అవి ఎవరికీ ఇవ్వను. చివరిదొకటి ఉంది. ఆ రోజు క్లాసు ముగించుకుని విన్నాను. అప్పటికే అక్క లేదు. మళ్లీ వినే ధైర్యం చెయ్యలేదు. ఇప్పుడు నొక్కాను.

"చిట్టీ, పొద్దున్నుంచి ఎడమ చెయ్యి లాగేస్తోందే. గుండెల మీద ఏదో బరువు. బావకి చెప్పకేం, మ్యాచ్ చూస్తున్నారు. మధ్యలో లేపితే ఇల్లు పీకి పందిరేస్తారు."

కిటికీలో పచ్చదీపం వెలిగింది. అక్క గొంతుకు అక్క గొంతే జవాబిచ్చింది.

"అలాగేనండీ. చెప్పను."

దాని నోట నేను విన్న మొదటి వ్యతిరేకార్థకం అది.

ఫోను శబ్దం పూర్తిగా పెంచి హాల్లోకి వెళ్లాను. మ్యాచ్ మధ్యలో ఉంది. టీవీ ఆపేశాను.