చీమలు పట్టిన కారు

మా మావయ్య కారుకి చీమలు పట్టాయి. ఆ సంగతి మొదట చూసింది మా అత్తయ్య ఏసుమణి. "పంచదార డబ్బా మూత తీసున్నా రాని చీమలు ఆ ఇనప్పెట్టెకి బారులు కట్టేయి. అందులో ఏటి వండుతన్నాడే మీ మావయ్య?" అని పెరట్లోంచి అరిచింది. నేను వినిపించుకోలేదు. ఆ కారు పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతున్న రోజులవి. మావయ్యకీ నాకూ మాటల్లేవు.

ఎందుకు లేవో తెలియాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. చోడవరంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నా సీటు ఎడమ పక్క. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాడు ఎదురుగా గేదెని చూసి గాభరాపడి ఆక్సిలేటర్ తొక్కితే నేను బ్రేకు తొక్కాలి. చెరకు ట్రాక్టర్ వెనక ఫ్యాక్టరీ దాకా పాక్కుంటూ వెళ్ళి, మళ్ళీ పాక్కుంటూ రావాలి. నాకు బండి నడపడమంటే ప్రాణం. దొరికింది మాత్రం బండి ఆపే ఉద్యోగం.

మావయ్య పేరు కృపారావు. చెరకు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మా చర్చి సంఘంలో పెద్ద. నేను కోడలిగా వచ్చేసరికే పెరట్లో రేకుల షెడ్డు కింద, ఇటుక దిమ్మల మీద ఆ కారు ఉంది. ఇటలీ బండి, ఫియట్ కూపే, స్టీరింగ్ మాత్రం మన బళ్ళలాగే కుడి పక్క. రెండే తలుపులు, పొడుగు ముక్కు, వెనక్కి వాలిన కప్పు. ఎప్పుడో డెబ్బైల్లో ఓడ మీద పనిచేసే ఆయనెవరో విశాఖపట్నం తెచ్చుకున్నారట. ఆయన పోయాక గోడౌన్లో పడి, సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టుకునే స్థితికి వచ్చాక మా మావయ్య కంటపడింది. కొత్తకోడలినని కూడా చూడకుండా ఆయన నాతో అన్న మొదటి మాట, "అమ్మా, ఆ పద్నాలుగో నెంబరు స్పానర్ ఇలాగియ్యి." ఇచ్చాను. అప్పట్నుంచి ఇస్తూనే ఉన్నాను.

ఇటలీ సామాను ఇక్కడ దొరకదు. కానీ ఒకప్పుడు మన దేశంలో తయారైన 118 ఎన్.ఈ. కారు దీని చుట్టమే. దాని బాల్ జాయింట్లూ బేరింగులూ పాత సామాన్ల కొట్లలో ఏరి తెచ్చి, సరిపోనివి లేత్ మిషను మీద సరిచేయించుకున్నాం. బాగుచేసి ఊరుకుంటే అది కృపారావు గారి కారెలా అవుతుంది? మలుపులో ఒరగకుండా స్ప్రింగులు కాస్త పొట్టివీ గట్టివీ వేయించారు. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకుండా ముందు నుంచి గాలి గొట్టాలు లాగారు. పెట్రోల్లో గాలి కలిపే కార్బురేటర్ ఒకటి ఉన్నచోట రెండు పెట్టారు. ఆ రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో, రబ్బరు గొట్టం చెవికి ఆనించుకుని వినడం నాకు నేర్పారు. నా చెవి ఆయన చెవి కంటే మంచిదని ఒప్పుకోడానికి ఆయనకి ఏడాది పట్టింది.

తుప్పు వదిలించడానికి మాత్రం ఆయనది సొంత పద్ధతి. ఫ్యాక్టరీలో చెరకు రసం నిలవుండి పులిసిన చోట ఇనుము తళతళలాడడం చూశారట. అందుకని అనకాపల్లి నుంచి రంగు చెడిన నల్లబెల్లం తెచ్చి, డ్రమ్ములో నీళ్ళలో కలిపి పులియబెట్టి, తుప్పు పట్టిన సామానంతా అందులో నానేసేవారు. వారాల తరబడి ఆ కంపు భరించాం. సంఘ పెద్ద పెరట్లో సారా కాస్తున్నాడని వీధంతా చెవులు కొరుక్కుంటే, పాస్టరు గారు స్వయంగా వచ్చి డ్రమ్ములోకి తొంగిచూసి, అందులో బ్రేకు డ్రమ్ములు కనిపించాక ప్రార్థన చేసి వెళ్ళారు. కారు అడుగున పెట్టెల్లా మూసుకుని ఉండే భాగాలుంటాయి. వాటిని ముంచలేం కాబట్టి, పైన కన్నం చేసి ఆ నీళ్ళు పోసి, తర్వాత కింద నుంచి వదిలేసేవారు.

"కనబడేది ఎవుడైనా బాగుసేస్తాడు. మనం ముందు కనబడంది సూడాల," అనేవారు. నేను నమ్మాను.

ఇంజన్ మొదటిసారి పలికిన రోజున మాట ఇచ్చారు. "మాడుగుల దాటినాక ఘాట్ ఉంది సూడు, అది ఎక్కడానికే ఈ బండి. తొలిసారి నువ్వే తోలాల. నా మోకాలు ఈ క్లచ్‌కి ఆగదు."

"మీరు పక్కన కూర్చుంటే నేను తోలను," అన్నాను.

అది ఉత్త వేళాకోళం కాదు. ఆయన్ని స్కూలు కార్లో అనకాపల్లి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎడమ సీట్లో నా బ్రేకు ఉంటుంది కదా, మలుపు మలుపుకీ దాన్ని తొక్కేస్తారు. ఎవరు నడిపినా ఆయనకి నమ్మకం లేదు. ఒకసారి మధ్యలో ఆపి, దిగి ఆటో ఎక్కమన్నాను కూడా. "ఘాట్ ఎక్కేటప్పుడు మీ కాలి దగ్గర బ్రేకుండదు. ఏం చేస్తారు?" అంటే, "కళ్ళు మూసుకుని ప్రార్థన సేస్తాను," అన్నారు.

ఆ మాట పట్టుకుని ఎన్నేళ్ళు బతికానో. ఎవడైనా నడిరోడ్డు మీద బండి ఆపేసి, వెనక లారీవాడు హారన్ కొడుతుంటే కూడా, మనసులో ఆ ఘాట్ ఎక్కుతూ ఉండేదాన్ని.

చివరికి కారుకి రంగు పడింది, ఎర్రగా. ఇటుకల మీద నుంచి దిగింది. మావయ్య మెల్లగా వీధి చివరి దాకా పోనిచ్చి తెచ్చారు. మా స్కూలుకి సెలవైన సోమవారం, తెల్లవారి బస్సులూ లారీలూ రోడ్డెక్కకముందే బయల్దేరాలని అనుకున్నాం. నాలుగు రోజుల ముందు, అన్నం తింటూ, నా మొహం చూడకుండా అన్నారు.

"తొలిసారి నేనే తోల్తాను. ఒక్కణ్ణే."

"మరి నాకిచ్చిన మాటేటి మావయ్యా?"

"నా బండి. నా ఇష్టం."

"మీ మోకాలికి ఆ క్లచ్ ఆగదని మీరే కదా అన్నారు?"

"ఆగుతాది," అని చెయ్యి కడిగేసుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన రోషన్ ఆ ఘాట్ మీదుగా వెళ్ళే పాడేరు బస్సెక్కితే నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకునే రకం. "పోనీలేద్దూ, ఆయన ముచ్చట," అన్నాడు. దాంతో అతనితోనూ మాటలు తగ్గాయి. ఇన్నేళ్ళూ నన్ను స్పానర్లు అందించే మనిషిగానే చూశారన్నమాట, తోలే వేళకి నేను పరాయిదాన్ని అన్నమాట, అని కుమిలిపోయాను. ఆ నాలుగు రోజులూ నా దగ్గర నేర్చుకున్నవాళ్ళని తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మావయ్య పెద్దల మీటింగుకి ఆగిపోయారు. అత్తయ్య నా చేతిలో పసుపు డబ్బా పెట్టింది. "చీమలు వంటింట్లోకొస్తన్నాయి. నువ్వు ఆయనతో మాటాడకపోతే మానీ, చీమల సంగతి సూడు."

విసురుగా షెడ్డులోకి వెళ్ళాను. బారు కుడివైపు వెనక చక్రం దగ్గర పైకెక్కుతోంది. చాప పరుచుకుని కారు కిందకి దూరాను. వెనక ఇరుసుని బాడీకి పట్టి ఉంచడానికి కడ్డీలుంటాయి. కుడి కడ్డీ బాడీకి బిగిసే చోట, ఎర్రరంగు మీద వెంట్రుకంత చీలిక. చీమలన్నీ అందులోకి వెళ్తున్నాయి, అందులోంచి వస్తున్నాయి.

కొంచెంసేపు అలాగే చూస్తూ పడుకున్నాను. చీమ దూరాలంటే సందుండాలి. కొత్తరంగు చీలాలంటే అక్కడేదో కదలాలి. కారు అడుగున ఇనుము కదలకూడని చోటంటూ ఉంటే అది ఇదే. మలుపులోనూ బ్రేకులోనూ బరువంతా దాని మీదే పడుతుంది. అది ఊడితే ఇరుసు పక్కకి తిరిగిపోతుంది, ఇక స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే. ఘాట్ రోడ్డు మీదైతే పక్కన లోయ.

స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాంతోపాటు, రంగు వేసే ముందు సొట్టలు పూడ్చే తెల్లటి పుట్టీ ముక్కలు రాలాయి. వాటి వెనక నల్లగా, చిక్కగా, బెల్లప్పాకం నా మోచేతి మీద బొట్టుబొట్టుగా పడింది.

అప్పుడే షెడ్డు బయట చెప్పుల చప్పుడైంది. నా కాళ్ళు చూసి ఆగిపోయారు.

"బైటికి రా," అన్నారు మావయ్య. ఆ నాలుగు రోజుల్లో మొదటి మాట.

"రాను. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. ఏటిది మావయ్యా?"

స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"పుట్టీ," అన్నారు.

"అది తెలస్తంది. ఎవరు పెట్టేరు?"

"నేనే."

బయటికొచ్చాను. ఆయన నేల వైపు చూస్తూ చెప్పారు. "బెల్లం నీళ్ళు పోసి వదిలినాక సూస్తే, తుప్పుతో పాటు ఇనుమూ పోయింది. జల్లెడ మిగిలింది. కోసి కొత్త రేకు అతుకుదామని మూడుసార్లు వెల్డింగ్ పెట్టేను. మూడుసార్లూ రేకు కాలిపోయి కన్నం పడింది. సెయ్యి నిలబడ్డం లేదమ్మా." కుడిచెయ్యి చాపారు. వేళ్ళు వణుకుతున్నాయి. కొన్నాళ్ళుగా ఆయన నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

"బైటోళ్ళకి సెప్తే కృపారావు సెయ్యి పోయిందని ఫ్యాక్టరీ దాకా తెలిసిపోద్ది. పుట్టీ పెట్టి రంగేసీసేను. ఏసినకాడ్నించి కంటికి నిద్ర లేదు."

"ఇది తెలిసీ ఘాట్ ఎక్కుదామనుకున్నారా?"

"ఎక్కుదామనెవుడు అనుకున్నాడు? మెల్లగా కొండ మొదలు దాకా పోయి, ఇంజన్ బాగోలేదని సెప్పి ఎనక్కి తెచ్చి, మళ్ళీ ఇటుకలెక్కించీద్దామనుకున్నాను. నీకు మాటిచ్చి తప్పేనని తిట్టుకుంటావు. తిట్టుకోనీ. బతికుండి తిట్టుకుంటావు కదా అనుకున్నాను."

పుస్తకాల్లో అయితే అప్పుడు కోడలు కన్నీళ్ళు పెట్టుకుంటుంది. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. "ఇన్నేళ్ళు ఈ బండి అడుగు నా చేత తుడిపించి, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా మావయ్యా? నేనెవర్ని మీకు? కొండ మొదలు దాకా వెళ్ళేలోపు ఊడితే? మీ మోకాలితో, మీ చేత్తో, ఒక్కరూ! అత్తయ్యకి నేనేం చెప్పేది?" అని పాస్టరు గారి వీధి దాకా వినిపించేలా అరిచాను. అరిచి అరిచి గొంతు పోయాక, ఆయన పక్కనే నేలమీద కూర్చుని అప్పుడేడ్చాను. ఆయన తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి నా తల మీద కూడా వణుకుతూనే ఉంది.

లేచి ముక్కు తుడుచుకున్నాను. "గ్రైండర్ ఎక్కడుంది?"

"ఎందుకు?"

"కొయ్యడానికి."

"కోస్తే మళ్ళీ అతకాల. నీకు వెల్డింగ్ వచ్చేటి?"

"రాదు. మీకొచ్చు. చెయ్యి వణికితే వణికింది, నోరు వణకట్లేదు కదా. చెప్పండి, నేను చేస్తాను."

ఎర్రరంగు మీద గ్రైండర్ ఆనించినప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. సోమవారం ఘాట్ ఎక్కాల్సిన కారు సోమవారానికి మళ్ళీ ఇటుకలెక్కింది.

ముందు పాత రేకుల మీద నేర్చుకున్నాను. ఎన్ని కాల్చానో లెక్కలేదు. స్టూలు మీద ఆయన కూర్చుని, "తొందరేటి, తొందరేటి, ఇనుము కరిగి గుంట కట్టినాక జరుగు... అదిగో, కాల్చీసేవు!" అని తిట్టేవారు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు నన్నెందుకు తిట్టుకుంటారో అప్పుడర్థమైంది. వానలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. కుళ్ళినదంతా కోసేసి, మందమైన రేకుతో కొత్త పెట్టె కట్టి అతికాం. తర్వాత ఆయన సుత్తి తెప్పించుకుని, అతుకు దగ్గర చెవి పెట్టి, దాని పొడుగునా కొట్టి చూశారు. నా చేత కూడా వినిపించారు. అంతటా ఒకే మోత.

"ఊఁ," అన్నారు. రంగు వెయ్యబోతే ఆ చోట మాత్రం వద్దన్నారు. నల్లటి తుప్పు మందు పూసి, అతుకు కనబడేలా వదిలేశాం.

చలికాలంలో ఒక సోమవారం వెళ్ళాం. రోషన్ మాడుగులలో దిగిపోయాడు. అమ్మకి హల్వా కొనాలి కాబట్టి దిగుతున్నానన్నాడు, ఇంకా ఏ కొట్టూ తెరవని వేళలో. చెక్‌పోస్టు దాటాక రోడ్డు ఖాళీ. రెండో గేర్లో మొదటి మలుపు తిరిగాను. మూడో గేరు వేసేసరికి రెండు కార్బురేటర్లూ ఒక్కసారి నోరు తెరిచాయి. బండి ఒరగలేదు. ముక్కు నేను చూసిన చోటికి వెళ్తోంది, వెనక చక్రాలు దాని వెంటే వస్తున్నాయి. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కోసం బ్రేకు తొక్కిన కాలు నాదేనా అనిపించింది. గట్టిగా నవ్వాను, ఎవరూ ఏమీ అనకుండానే.

బాగా వంపుగా ఉన్న మలుపు వచ్చింది. ఎడమ పక్క లోయ. ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళ కాలు అలాంటి చోట ఏం చేస్తుందో నా కంటే బాగా ఎవరికీ తెలియదు. బ్రేకు ఉన్నా లేకపోయినా వెళ్ళి నేలని తన్నిపెడుతుంది. మలుపులోకి దిగే ముందు ఒక్క చూపు అటు చూశాను.

మావయ్య రెండు కాళ్ళూ సీటు కిందకి ముడుచుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకోలేదు, ప్రార్థనా చెయ్యడం లేదు. వణికే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి లోయ చూస్తున్నారు.

"ఏటమ్మా, లెర్నింగ్ లైసెన్సోళ్ళతో తిరిగి తిరిగి నీకూ అదే నడక వచ్చీసిందా?" అన్నారు. "తొక్కు."

తొక్కాను.